ముక్కు తుడిచే ముందు

వాదన చీమిడి దగ్గర మొదలైంది.

ఆదివారం పొద్దున ఇబ్రహీంపట్నంలో మా ఇంటి వరండాలో బొంత పరిచి పాపను బోర్లా వేశాను. దానికి ఆరో నెల పడి నాలుగు రోజులు. ఎడమచేతి బొటనవేలు నోట్లో ఉంది. నిద్రకైనా, భయానికైనా దానికి ఆ వేలే కావాలి. ముక్కు కారుతోంది. అటుగా పోతున్న మా అత్తమ్మ వెనక నుంచి వంగి, కొంగుతో ఒక్క తుడుపు తుడిచి వంటింటి వైపు అడుగేసింది. పాప మెడ విరుచుకుని, రెండు కాళ్ళూ తన్నుకుని గుక్కపట్టింది. చేటలో చింతపండు గింజలు తీస్తున్న మా వదిన చెయ్యి ఆపింది.

ఈ ఇద్దరి గురించి ముందు చెప్పాలి. అత్తమ్మ ఇరవై రెండేళ్ళు ఒక అంగన్‌వాడీలో ఆయమ్మగా చేసి దిగిపోయింది. వదిన ఆమె పెద్ద కూతురు, ఆదిబట్ల వైపు ఒక కంపెనీ డేకేర్‌లో చంటిపిల్లల గదిలో పని చేస్తుంది. ఇద్దరూ ఊళ్ళోవాళ్ళ పిల్లల ఒళ్ళు కడిగి, తినిపించి, నిద్రపుచ్చిన వాళ్ళే. నాకు ఇంకో పది రోజుల్లో సెలవు అయిపోతుంది, పాప డేకేర్‌కు పోవాలి. 2017లో చట్టం సవరించాక తల్లికి 26 వారాల జీతంతో సెలవు వచ్చింది. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల కేంద్రం ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చనీ అందులోనే రాశారు. నాలుగుసార్లు సరే. మిగతా పొద్దంతా నా బిడ్డ ఒంటి మీద పడే చేతులు ఎట్లాంటివో నాకు తెలియాలి. అందుకే వాళ్ళిద్దరి మధ్యా పాపను ఒళ్ళో వేసుకుని కూర్చుండిపోయాను. వాళ్ళ మాటలు వాళ్ళ మాటల్లోనే రాస్తున్నాను.

వదిన: అమ్మా, చెప్పకుండ తుడిచినవ్.

అత్తమ్మ: ముక్కు కారుతుంటె తుడిచిన. దానికి చెప్పుడేంది? ఆర్నెల్ల పిల్లకు అర్జీ పెట్టుకోవాల్నా?

వదిన: అర్జీ కాదు. దాని కండ్ల ముంగటికి రా. బట్ట చూపెట్టు. 'ముక్కు తుడుస్త బిడ్డా' అను. అది నీ దిక్కు చూసేదాక జర ఆగు. గంతే. బస్సుల ఎవరన్న ఎనకకెళ్ళి వచ్చి నీ మూతి తుడిస్తె ఊకుంటవా?

అత్తమ్మ: నేను పెద్దదాన్ని. నాకు సిగ్గుంటది, శరముంటది.

వదిన: దానికి సిగ్గు లేకపోవచ్చు, భయం ఉంటది. మనకన్న ఏమొస్తుందో తెలుస్తది. దానికి అది గూడ తెల్వదు. మనుషుల చేతులు ఎట్లాంటివో అది ఇప్పుడే నేర్చుకుంటున్నది.

అత్తమ్మ: నువ్వు చెప్పేది మంచిగనే ఉన్నది. మా సెంటర్ల ముప్పై మంది పిల్లలు. టీచరమ్మ ఒక్కతి, నేనొక్కదాన్ని. టీచరమ్మ చేతిల ఫోను. హాజరు అందుల్నే, బరువు అందుల్నే, ఎత్తు అందుల్నే. ఇటు పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటది. ముప్పై ముక్కుల కాడ ముప్పైసార్లు ఆగితె ఆ పప్పు ఎవరు దించాలె?

ఇక్కడ నేను కలగజేసుకోవాలి. పప్పు మాట సాకు కాదు. 1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకుల్లో మొదలైన అంగన్‌వాడీ పథకం ఇప్పుడు ఒక్క తెలంగాణలోనే 35 వేలకు పైగా కేంద్రాలైంది. కేంద్రానికి ఒక టీచరు, ఒక ఆయా. పిల్లలకు వండి పెట్టేదీ, గది ఊడ్చేదీ, ఇంటింటికీ పోయి పిల్లల్ని తోలుకొచ్చేదీ, లాగు తడిపితే కడిగేదీ ఆయమ్మే. 2023 సెప్టెంబరు 11 నుంచి అంగన్‌వాడీలు సమ్మెకు దిగినప్పుడు ఆయాకు వచ్చేది నెలకు 7,800 రూపాయలు. దాన్ని జీతం అని కూడా అనరు, గౌరవ వేతనం అంటారు. ఆ రోజుల్లో టెంటు కింద కూర్చుని వచ్చిన అత్తమ్మ రాత్రి మోకాళ్ళకు నూనె రాసుకుంటూ ఉండేది. ఆ చేతుల్ని తప్పుపట్టే ముందు ఈ లెక్క మరవద్దని నాకు నేనే చెప్పుకుంటున్నాను.

వదిన: అమ్మా, ముప్పై మందికి నిన్ను ఒక్కదాన్ని పెట్టినోళ్ళది తప్పు. నీది కాదు. కాని ఇప్పుడు ఈడ ముప్పై మంది లేరు. ఒక్కతే ఉన్నది. పొయ్యి మీద పప్పు గూడ లేదు.

అత్తమ్మ ఏమీ అనలేదు. పాప కొంగు చివర పట్టుకుని చూస్తోంది. కాసేపాగి ఆమే మళ్ళీ అందుకుంది.

అత్తమ్మ: సరే, అడిగిన అనుకో. వద్దంటె? ఉచ్చ గుడ్డ మారుస్త బిడ్డా అని అడుగుత, అది కాళ్ళు తన్నుకుంట వద్దంటది. తడి మీదనే ఉంచుతవా? ఒరిసిపోయి పుండైతె ఎవరిది పాపం?

ఈ ప్రశ్నకు వదిన వెంటనే జవాబు చెప్పలేదు. చింతగింజలు నాలుగు తీసి పక్కన పెట్టింది.

వదిన: నాకు నేర్పినోళ్ళు గూడ మొదలు 'అడగండి' అన్నరు. చేసుకుంట చేసుకుంట నాకు తెలిసింది, అడుగుడు వేరు, చెప్పుడు వేరు. గుడ్డ మార్చక తప్పదు. తప్పని పనికి 'మార్చాల్నా' అని అడిగితె అది అబద్ధమే అయితది. వద్దంటె ఆగుతనన్న కాడనే అడగాలె. గుడ్డ కాడ చెప్తా. 'తడిసింది, మారుస్తున్న, ఇగో పొడి గుడ్డ.' రెండేండ్ల పిల్లగానికైతె ఏ కాలు ముందు ఎత్తుతవ్ అంట. ఆ కాలు మాత్రం వాని ఇష్టం.

అత్తమ్మ: ఏడిస్తె?

వదిన: ఏడిస్తె ఏడ్వనీ. 'నీకు ఇష్టం లేదు, నాకు తెలుసు, అయిపోతున్నది' అంట. నోరు మూసుకో అని మాత్రం అనను.

అత్తమ్మ: సూది వేసే ఏఎన్‌ఎమ్‌కు గూడ ఇట్లనే చెప్తవా?

వదిన: సూదికాడ ఇంకా చెప్పాలె. 'ఏం గాదు, ఏం గాదు' అని పొడిపిస్తరు. ఏం గాదన్నంక నొప్పి లేస్తది. ఇగ మన మాట అదెందుకు నమ్మాలె? 'నొప్పి అయితది, నేను పట్టుకునే ఉంట' అంటె నమ్మకం ఉంటది. ఇంకోటి చెప్త. 2012ల పోక్సో చట్టం వచ్చింది. ఇప్పుడు ఇస్కూళ్ళల్ల మంచి స్పర్శ, చెడు స్పర్శ అని పాఠం చెప్తున్నరు. నీ ఒళ్ళు నీది అంటున్నరు. అయిదేండ్లు దాన్ని బియ్యం మూట లెక్క ఎత్తి దించి, ఆరో ఏడు నీ ఒళ్ళు నీది అంటె దానికి ఏం సమజయితది?

అత్తమ్మ ముఖం గంభీరమైంది. ఆమె పని చేసిన ఊళ్ళో ఒక పిల్ల విషయంలో ఏం జరిగిందో మా ఇంట్లో అందరికీ తెలుసు. అది ఇక్కడ రాయను.

అత్తమ్మ: నువ్వేదో కొత్తగ కనిపెట్టినట్టు చెప్తున్నవ్ బిడ్డా. మీ తమ్మునికి నీళ్ళు పోసిన్నాడు ఏ ట్రైనింగుకు పోయిన? పీట మీద కూసొని కాళ్ళు చాపుకుంటుంటి. చీర మోకాళ్ళ మీదికి ఎత్తుకొని, కాళ్ళ మీద పిల్లగాన్ని ఎల్లెలుకల పండబెట్టుకుంటుంటి. నెత్తి నా పాదాల కాడ, కాళ్ళు నా దిక్కు. కండ్లు తెరిస్తె వానికి నా మొఖమే కనపడాలె. సున్నిపిండి రాసేటప్పుడు 'ఇది చెయ్యి, ఇది కాలు, ఇది బొజ్జ' అనుకుంటనే రాస్తుంటి. నీళ్ళు నెత్తి మీద ధడేలున గుమ్మరిస్తమా? మొదలు పాదం మీద దోసెడు. ఉలికిపడ్తడా అని చూడాలె. అటెనుక తొడలు, కడుపు. నెత్తి ఆఖరుకు. నెత్తికి పోసేటప్పుడు ఈ అరచెయ్యి నొసటికి అడ్డం పెట్టాలె, కండ్లల్ల పడొద్దు. నీళ్ళు దిగదుడిచి శ్రీరామరక్ష అనేదాక నోరు ఆగకపోతుండె. మా అత్త నాకు నేర్పింది. ఆమెకు సంతకం రాదు.

వదిన: అమ్మా, మాకు మూడు రోజులు కూసోబెట్టి చెప్పింది ఇదే. మొఖం ఎదురుగ ఉండాలె, మాట ముందు, చెయ్యి ఎనక, పాదంకెళ్ళి మొదలుపెట్టాలె. నీ అంత మంచిగ చెప్పలే వాళ్ళు.

అత్తమ్మ: మరి?

వదిన: మరి అదే నోరు ముక్కు కాడ ఎందుకు బందయింది? అది నువ్వే చెప్పాలె.

వరండాలో ఎండ బొంత అంచు దాకా వచ్చింది. పాపను ఇంకో తొడ మీదికి మార్చుకున్నాను. అత్తమ్మ తన చేతుల్ని బోర్లించి, తిరగేసి చూసుకుంది.

అత్తమ్మ: ఇంట్ల ఒక్కనికి పోస్తుంటె చేతులకు కండ్లుంటయ్ బిడ్డా. ఆడ ముప్పై మంది అయ్యేసరికి చేతులకు కండ్లు పోయినయ్. ఇరవై రెండేండ్లు. ఇంటికొచ్చినంక గూడ ఆ చేతులు అట్లనే ఉంటున్నయ్.

ఆమె చెప్పిన స్నానంలో అంతా మంచిదేనని నేను అనను. వదిన కూడా అనలేదు. చెవుల్లో, ముక్కుల్లో నూనె పోయడం, చంటిపిల్లల రొమ్ములు పిండడం, ముక్కు సాగదీయడం, తలుపులు మూసి గది నిండా సాంబ్రాణి పొగ పట్టడం ఆ పీట దగ్గరే జరుగుతూ వచ్చాయి. నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది, పిండితే చీము పడుతుంది. ఆ మాట ఎత్తితే అత్తమ్మ, 'చెవుల నూనె నేను ఎప్పుడో బందు పెట్టిన, ఏఎన్‌ఎమ్ చెప్పింది' అంది. పొగ సంగతి మాత్రం ఒప్పుకోలేదు. అది ఇంకో రోజు తగువు.

వదిన అప్పుడు బుడాపెస్ట్ కథ చెప్పింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1946లో, ఎమ్మి పిక్లర్ అనే పిల్లల డాక్టరమ్మ హంగేరీ రాజధానిలో లోట్సి అనే వీధిలో అనాథ శిశువుల కోసం ఒక ఇల్లు తెరిచింది. అప్పటి అనాథాశ్రమాల్లో పిల్లలకు పాలు అందేవి, గుడ్డలు మారేవి. కాని ఆ పిల్లలు నవ్వడం మరిచిపోయి గోడకేసి చూస్తుండేవాళ్ళు. పిక్లర్ పట్టుకున్న కిటుకు ఒక్కటే. బిడ్డతో గడపడానికి వేరే సమయం వెతకక్కర్లేదు. గుడ్డ మార్చే వేళ, తినిపించే వేళ, స్నానం చేయించే వేళే బిడ్డతో ఉండే వేళ. ఆ కాసేపు ఆ మనిషి ఆ బిడ్డకే సొంతం. దేనికీ తొందర లేదు. మిగతా పొద్దు బిడ్డ తనంతట తాను ఆడుకుంటుంది, ఎందుకంటే దాని కడుపుతో పాటు మనసూ నిండింది.

వదిన: ఆ డాక్టరమ్మ మొదలు చదువుకున్న నర్సులనే పెట్టుకున్నదంట. వాళ్ళు గబగబ చేసి పడేస్తుండ్రని, తీసేసి పల్లెటూరి పిల్లలను పెట్టుకొని తనే నేర్పిందని చెప్తరు.

అత్తమ్మ: చదువుకున్నోళ్ళను తీసేసిందా?

వదిన: తీసేసింది.

అత్తమ్మ: మరి ఒక్కొక్కదాని చేతికి ఎంతమంది పిల్లలను ఇచ్చింది?

అత్తమ్మ ఎటు పోయినా లెక్క దగ్గరికే తిరిగొస్తుంది. నిజానికి ఈ వాదన అంతా ఆ లెక్క చుట్టూనే తిరుగుతోంది. వదిన తనకు తెలిసింది చెప్పింది: కేంద్ర ప్రభుత్వం 2018లో పిల్లల కేంద్రాలకు ఇచ్చిన మార్గదర్శకాల్లో మూడేళ్ళ లోపు పిల్లలు పదిమందికి ఒక మనిషి.

అత్తమ్మ: పదిమందా? ఆర్నెల్లోళ్ళు పదిమంది, చేతులు రెండు! కవలలు పుడితెనే ఇల్లు ఇల్లంత లేస్తది. అది రాసినోళ్ళు ఒక్క పూట ఒక్క పిల్లను సాదిండ్రా?

వదిన: మా కాడ నలుగురికి ఒకరం.

అత్తమ్మ: మీ కాడ నెలకు ఎంత కడ్తరో నాకు తెల్వదా? నౌకరి చేసేటోళ్ళ పిల్లకు చెప్పి తుడుస్తరు. కూలోళ్ళ పిల్లకు చెప్పకుంట తుడుస్తరు. మర్యాద గూడ కొనుక్కునేదే అయింది.

నేను తలదించుకున్నాను. నేను కట్టగలను. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఇటుక బట్టీల్లో, క్రషర్ల దగ్గర పని చేసే తల్లులు కట్టలేరు. 1969లో ఢిల్లీలో గాంధీ శతజయంతి ప్రదర్శన కోసం కట్టడాలు లేస్తుంటే, దుమ్ములో పడివున్న కూలివాళ్ళ పసిపిల్లల్ని చూసి మీరా మహాదేవన్ అక్కడే ఒక డేరాలో క్రెష్ మొదలుపెట్టింది. అదే మొబైల్ క్రెషెస్ సంస్థ అయింది. ఉపాధి హామీ చట్టంలో కూడా పని చోటికి అయిదుగురు చిన్నపిల్లలు వస్తే వాళ్ళను చూసుకోవడానికి ఒక ఆడమనిషిని పెట్టాలని రాశారు. అత్తమ్మను అడిగితే, ఉపాధి పని జరిగే చోట తానైతే చెట్టు కొమ్మకు కట్టిన చీర ఉయ్యాలలే చూసిందట.

అత్తమ్మ: ఒక ఒడియా పిల్ల ఉండె. బట్టీలకెళ్ళి వాళ్ళ అక్క ఎత్తుకొస్తుండె. రెండేండ్లు గూడ లేవు. తెలుగు ముక్క రాదు. నువ్వు చెప్పు, చెప్పు అంటవ్ గదా, దానికి ఏ భాషల చెప్పాలె? కాళ్ళకు మట్టి, పుండ్లు. కడుగుదమని చెయ్యి పడ్తె కొరుకుతుండె. రెండు రోజులు చూసిన. మూడోనాడు లోటా దాని చేతికిచ్చిన. అదే ఒంపుకున్నది, ఒక్క చుక్క. నా చేతి మీద గూడ ఒంపింది. అప్పుడు నేను దాని కాలి మీద ఒంపిన. కొరకలే.

వదిన: అది చెప్పుడే అమ్మా. నీళ్ళతోటి చెప్పినవ్.

అత్తమ్మ: ఆనాడు పప్పు అడుగంటింది.

అన్నం విషయం వచ్చేసరికి ఇద్దరూ మళ్ళీ గట్టిగా పట్టుకున్నారు. బిడ్డ మొఖం తిప్పుకుంటే అది మాటేననీ, చాలు అన్నదనీ వదిన వాదన. గదుమ పట్టి, ముక్కు మూసి, నోరు తెరిచిన సందులో బుక్క దోస్తే గొంతుకు అడ్డం పడుతుందనీ, పిల్లకు అన్నమంటేనే పగ పుడుతుందనీ చెప్పింది. అత్తమ్మ ఒప్పుకోలేదు. మొఖం తిప్పుకుందని వదిలేసే భాగ్యం కడుపు నిండినోళ్ళది, ఆమె చూసిన పిల్లలది కాదు. బరువు తగ్గితే పేరు లిస్టులోకి ఎక్కుతుంది, తల్లి ఏడుస్తూ వస్తుంది, సెంటర్లో నెలకు ఇచ్చే రెండున్నర కిలోల బాలామృతం పిండి ఇంట్లో నలుగురు పంచుకు తింటారు, ఆ పిల్ల కడుపులోకి నిజంగా పోయేది సెంటర్లో తిన్నదే. చివరికి, గుడ్డును ముక్కలు చేసి పిల్ల చేతికే ఇవ్వాలన్న చోట ఇద్దరూ కలిశారు. నేలపాలయ్యే సగం మాటేమిటన్న దగ్గర మళ్ళీ విడిపోయారు. ఇందులో నేను తీర్పు చెప్పలేను. ఆకలి చూసిన మనిషి భయానికి నా దగ్గర జవాబు లేదు.

ఇక అత్తమ్మ చెప్పిన చివరి సంగతి. ఎవరూ అడగకుండానే చెప్పింది.

అత్తమ్మ: ఒక పిలగాడు ఉండె, నాలుగేండ్లోడు. ఒకనాడు లాగుల దొడ్డికి పోయిండు. నాకు ఆనాడు జ్వరం. అందరి ముంగట నిలబెట్టి, 'ఛీ, చూడుండ్రి వీన్ని' అన్న. ముప్పై మంది ముక్కులు మూసుకున్నరు, నవ్విండ్రు. నేను గూడ నవ్విన. తెల్లారికెళ్ళి వాడు సెంటర్ల నీళ్ళు తాగుడు బందు పెట్టిండు. ఎండకాలం బిడ్డా. గిలాస ఇస్తె పెదవులకు తాకిచ్చి కింద పెడుతుండె. ఎందుకు తాగుతలేడో నాకు సమజయ్యేసరికి పదిహేను రోజులు పట్టింది. వాని తల్లి వచ్చి, ఉచ్చ పసుపుపచ్చగ వస్తుంది, మంట అంటున్నడు అన్నది.

వదిన: తర్వాత?

అత్తమ్మ: తర్వాత వానికి చాటుకు చెప్పిన, నేను తప్పు చేసిన కొడుకా అని. ఆయమ్మ పిల్లగానికి తప్పయిందని చెప్పుడేందని టీచరమ్మ అన్నది. వాడు గిలాస ఎత్తి తాగిండు. అన్ని తాగలే. సగం.

వదిన చేట పక్కకు జరిపి తల్లి పక్కన కూర్చుంది. ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు.

గౌరవం అన్న మాట పెద్దవాళ్ళకే తగినదనుకుంటూ వచ్చాను. సన్మానాలకు, శాలువలకు వాడతాం. కాని నాకు ఇప్పుడు ఆ మాట వింటే లోటా పట్టుకున్న ఒడియా పిల్ల కనబడుతోంది, సగం తాగి పెట్టిన గిలాస కనబడుతోంది. బిడ్డ ఒళ్ళు మనం ముగించుకుపోవాల్సిన పని కాదు. దానిలో ఒక మనిషి ఉంది, చూస్తోంది, గుర్తుపెట్టుకుంటోంది. వదిన పక్షాన నేను పూర్తిగా నిలబడతాను. అత్తమ్మ లెక్కనూ వదలను. పిల్లల ముందు ఆగే చేతులు కావాలంటే ఆ చేతుల పక్కన ఇంకో రెండు చేతులు ఉండాలి, వాటికి బతికేంత జీతం ఉండాలి. ఏ కేంద్రంలోనైనా అడగవలసిన మొదటి ప్రశ్న ఆటవస్తువుల గురించి కాదు. ఒక్కొక్కరి చేతికి ఎంతమంది పిల్లలు, నా బిడ్డ గుడ్డ మార్చేది రోజూ ఒకే మనిషా, రోజుకొకరా? ఫోటోలు తీస్తారా, తీస్తే గుడ్డలు లేనప్పుడు కూడా తీస్తారా? ఈ ప్రశ్నలు నేను రేపు అడుగుతాను. అంగన్‌వాడీకి పిల్లను పంపే తల్లి కూడా అడగగలిగే రోజు రావాలని గట్టిగా కోరుకుంటున్నాను. అడిగితే ఆయమ్మ మీద విరుచుకుపడకుండా, ఆయమ్మను పక్కన నిలబెట్టుకుని పైవాళ్ళను అడగాలి.

పాప ముక్కు మళ్ళీ కారింది. అత్తమ్మ లేచి మెత్తటి పాత ధోవతి ముక్క తెచ్చింది. ఎదురుగా కూర్చుంది. బట్ట చూపించి, 'తుడుస్త బిడ్డా' అంది. పాప చూసింది, మొఖం తిప్పుకుంది. అత్తమ్మ ఆగింది. మళ్ళీ చూపించింది. పాప బట్టను పట్టుకుని నోట్లో పెట్టుకోబోయింది. ఇంతలో అత్తమ్మ తుడిచింది. పాప ఏడ్చింది, ఇందాకటంత కాదు.

అత్తమ్మ: ఏడ్చింది గదా.

వదిన: ఏడ్వనీ. ఎవరు తుడిచిండ్రో చూసింది.

సాయంత్రం డేకేర్ వాళ్ళ ఫారం నింపడానికి కూర్చున్నాను. పేరు, పుట్టిన తేదీ, టీకాలు, పాలు ఎన్ని గంటలకు. చివర 'బిడ్డ అలవాట్లు' అని రెండు గీతల ఖాళీ. ఏం రాయాలో తోచక వదినను పిలిచాను. వదిన తల్లి వైపు చూసింది. అత్తమ్మ పాపకు అంగీ మారుస్తోంది, తలెత్తలేదు.

"రాయి బిడ్డా. అంగి తొడిగేటప్పుడు కుడి చెయ్యి ముందు తొడగాలె. ఎడమ చెయ్యి నోట్లుంటది, గుంజొద్దు. అంగి చూపెడితె అదే తీస్తది. తీసేదాక ఆగాలె అని రాయి."